చైనీస్ వదిలేసేవి, ఇంగ్లీషు అడిగి తీరేవి: చైనా సాహిత్యాన్ని అనువదించడం ఎలా?

చైనీస్ వాక్యం కర్త లేకుండానే నడిచిపోతుంది. క్రియను చూసి పని జరిగిందో, జరుగుతోందో, జరగబోతోందో చెప్పలేం. నామవాచకాన్ని చూసి ఒకటో, పదో చెప్పలేం. ఇంగ్లీషు ఈ మూడింటినీ తేల్చందే వాక్యాన్ని ముగియనివ్వదు. మరోవైపు చైనీస్ పట్టుబట్టి చెప్పేవి కొన్నున్నాయి: పిలుస్తున్నది అన్ననా తమ్ముణ్ణా, ఆ వచ్చినాయన అమ్మ తమ్ముడా నాన్న తమ్ముడా. ఇంగ్లీషులో వీటికి చోటు లేదు. చైనా కథనో కవితనో ఇంగ్లీషులోకి తెచ్చేవాళ్ల సమయం చాలావరకు ఈ రెండు చోట్లే ఖర్చవుతుంది. మూలం వదిలేసిన ఖాళీలో ఏం నింపాలి, ఎంత నింపాలి? మూలం చెప్పినదాన్ని ఇంగ్లీషు మింగేయకుండా ఎలా కాపాడాలి? పదానికి పదం వెతకడం ఆ తర్వాతి సంగతి.

చైనాలో ఎంబీబీఎస్ చదివొచ్చి ఆ భాష మీద మమకారం వదులుకోలేనివాళ్లు, ఢిల్లీ జెఎన్‌యూలోనో శాంతినికేతన్ చీనా భవన్‌లోనో చైనీస్ చదివినవాళ్లు, సింగపూర్‌లో పెరిగిన మన పిల్లలు ఈ పనిలోకి రావాలన్నది నా కోరిక. ఇంగ్లీషూ మనది కాదు, చైనీసూ మనది కాదు, మధ్యలో మనకేం పని అని వెనక్కి తగ్గకండి. తెలుగు తెలిసి ఉండడం ఈ పనిలో అక్కరకొచ్చే చోట్లున్నాయి, తప్పుదారి పట్టించే చోట్లూ ఉన్నాయి. దారిలో రెండూ చూపిస్తాను.

ఏ రచన పట్టుకోవాలి

మొదటిసారికి పది పన్నెండు పేజీల కథ చాలు. ఆధునిక చైనా కథకుడు లూ షున్ కథ అయితే మరీ మంచిది. 1936లో చనిపోయాడు కాబట్టి మూలం మీద హక్కుల చిక్కు లేదు. అంతకంటే ముఖ్యం, ఆయన కథలకు ఇప్పటికే ఇంగ్లీషులో ఒకటికి మించి మంచి అనువాదాలున్నాయి: యాంగ్ షియెన్‌యీ, గ్లాడిస్ యాంగ్ దంపతులవి, విలియం లయల్‌ది (1990), జూలియా లవెల్‌ది (2009). ముందు ఒక పేజీ మీరే చేయండి, వాటిలో దేన్నీ తెరవకుండా. తర్వాత అన్నిటినీ పక్కపక్కన పెట్టుకుని వాక్యం తర్వాత వాక్యం చూడండి. మీరు దాటేసిన చిక్కు దగ్గర వాళ్లు ఆగారా? మీరు తికమకపడ్డచోట వాళ్లేం నిర్ణయించారు? ఇంతకంటే మంచి బడి నాకు తెలియదు.

పెద్ద నవల జోలికి ఇప్పుడే వెళ్లొద్దు. త్సావ్ ష్వేఛిన్ రాసిన 'ఎర్రమేడ కల' 120 అధ్యాయాలు. దాన్ని అనువదించడం కోసం డేవిడ్ హాక్స్ 1971లో ఆక్స్‌ఫర్డ్ ఆచార్య పదవినే వదులుకున్నాడు. 'ద స్టోరీ ఆఫ్ ద స్టోన్' పేరుతో ఐదు సంపుటాలు 1973 నుంచి 1986 దాకా వచ్చాయి. చివరి నలభై అధ్యాయాలు జాన్ మిన్‌ఫర్డ్ చేశాడు. అయినా ఆ పుస్తకాన్ని దగ్గర పెట్టుకోండి, ఈ వ్యాసంలో దాని ప్రస్తావన మళ్లీ మళ్లీ వస్తుంది.

నిఘంటువుల గురించి ఒక్క మాట. ఫోన్‌లో ప్లెకో అనే నిఘంటువు యాప్ ఉంటే రోజువారీ పని నడుస్తుంది. కానీ అర్థం మీద అనుమానం వచ్చినప్పుడు ముందు తెరవాల్సింది చైనీస్ నుంచి చైనీస్‌కి ఉన్న నిఘంటువు. 'షియెన్‌దాయ్ హాన్‌యూ ఛీద్యెన్' ఆధునిక భాషకు, 'హాన్‌యూ దా ఛీద్యెన్' పాత భాషకు. చైనీస్-ఇంగ్లీష్ నిఘంటువు ఒక వండిన మాట చేతిలో పెడుతుంది. అది చేతికి వచ్చాక దాన్ని దాటి ఆలోచించడం కష్టం. ముందు అర్థాన్ని అర్థంగా పట్టుకుని, మాట తర్వాత వెతుక్కోండి.

ఖాళీల పట్టిక రాసుకోండి

రచన మొత్తం ఒకసారి చదివాక, అనువాదం మొదలుపెట్టకుండా, రెండోసారి పెన్సిల్‌తో చదవండి. కర్త లేని ప్రతి వాక్యం దగ్గరా, కాలం తేలని ప్రతి క్రియ దగ్గరా, ఒకటో చాలో తెలియని ప్రతి వస్తువు దగ్గరా చిన్న గుర్తు పెట్టండి. ఈ పని విసుగ్గానే ఉంటుంది. కానీ ఇవే మీరు నిర్ణయాలు తీసుకోవాల్సిన చోట్లు. గుర్తు పెట్టకపోతే మీ చెయ్యే ఏదో ఒకటి రాసేస్తుంది, నిర్ణయం జరిగిందని మీకే తెలియదు.

ఇరవై అక్షరాల కవిత తీసుకుని చూద్దాం. ఎనిమిదో శతాబ్దంలో, తాంగ్ రాజవంశపు కాలంలో ఉన్న కవి వాంగ్ వెయ్ రాసిన 'లూ జాయ్', అంటే జింకల దడి:

కోంగ్ షాన్ బూ జ్యెన్ రెన్
దాన్ వెన్ రెన్ యూ ష్యాంగ్
ఫాన్ యింగ్ రూ షెన్ లిన్
ఫూ జావ్ ఛింగ్ తాయ్ షాంగ్

అక్షరం వెంట అక్షరం పెడితే ఇలా ఉంటుంది: ఖాళీ, కొండ, లేదు, చూడు, మనిషి. మాత్రం, విను, మనిషి, మాట, చప్పుడు. తిరిగొచ్చిన, వెలుగు, చొచ్చు, లోతు, అడవి. మళ్లీ, ప్రకాశించు, పచ్చ, నాచు, మీద.

మొదటి పాదంలో చూడనిది ఎవరు? మూలంలో ఎవరూ లేరు. తెలుగులో 'ఖాళీ కొండ, మనిషి కనబడడు' అనేస్తే గండం గట్టెక్కుతుంది, ఎందుకంటే మనకు 'కనబడు' ఉంది, చూసేవాడు లేకుండా చూపు జరిగిపోతుంది. ఇంగ్లీషులో చాలామంది అక్కడ 'ఐ' పెట్టారు. పెట్టగానే కొండ మీదకు ఒక మనిషి వచ్చి నిలబడ్డాడు, కొండ ఇక ఖాళీ కాదు. కవి ఎంతో ఓపికగా తనను తాను తప్పించుకున్నచోట అనువాదకుడు అతన్ని చెయ్యిపట్టి లాక్కొచ్చి నిలబెట్టినట్టు అయింది. 'నో వన్ ఇన్ సైట్' లాంటి కూర్పుతో ఆ 'ఐ'ని తప్పించవచ్చు. ఇది వాంగ్ వెయ్ విషయంలో తప్పనిసరి అని నేను నమ్ముతాను.

తర్వాత కొండ. ఒకటా, వరసగా చాలా ఉన్నాయా? ఆయన ఎస్టేటు అప్పటి రాజధాని ఛాంగ్‌ఆన్‌కు దగ్గర్లో వాంగ్‌ఛ్వాన్ లోయలో ఉండేది, చుట్టూ కొండలే. బహువచనం పెడితే దృశ్యం వెడల్పవుతుంది, ఏకవచనం పెడితే దగ్గరవుతుంది. రెండూ తప్పు కాదు. ఒకటి ఎంచుకుని, ఆ ఎంపికకు తగ్గట్టు మిగతా పాదాలను నడపాలి. 'ఛింగ్' అనే రంగు ఆకుపచ్చా కావచ్చు, నీలమూ కావచ్చు. ఇక్కడ నాచు కాబట్టి పేచీ లేదు.

క్రియలకు కాలం లేదు. గతంలో పెడితే ఎప్పుడో ఒక సాయంత్రం జరిగిన సంగతి అవుతుంది. వర్తమానంలో పెడితే ప్రతి సాయంత్రమూ అక్కడ జరుగుతూనే ఉంటుంది. తాంగ్ కవితలకు వర్తమానం ఎక్కువసార్లు నప్పుతుంది.

ఈ ఒక్క కవితకు వచ్చిన అనువాదాలను వరసగా పెట్టి ఎలియట్ వైన్‌బర్గర్ 1987లో ఒక చిన్న పుస్తకమే వేశాడు. కెనెత్ రెక్స్‌రాత్, బర్టన్ వాట్సన్, గ్యారీ స్నైడర్ అందులో ఉన్నారు. ఒక్కొక్కరు ఆ ఖాళీలను ఎలా నింపారో, ఎవరు నింపకుండా వదిలే దారి కనిపెట్టారో చూస్తే, ఇరవై అక్షరాల్లో ఎన్ని నిర్ణయాలు దాక్కుని ఉంటాయో తెలుస్తుంది.

కథల్లో కాలం, కర్త

కథల్లో పరిస్థితి కొంచెం సుళువు. ఇంగ్లీషు కథకు గతకాలం సహజం, దాన్నే పట్టుకుని చివరిదాకా ఉండండి. 'ల' అనే అక్షరం కనబడగానే గతం అనుకోవడం కొత్తవాళ్లు చేసే పొరపాటు. 'ష్యా యూ ల' అంటే నిన్నెప్పుడో వాన పడిందని కాదు, ఇంతవరకూ లేని వాన ఇప్పుడు మొదలైందని. 'ల' చెప్పేది మార్పును, ముగింపును. కాలం సంగతి చుట్టూ ఉన్న మాటలే చెప్పాలి.

కర్త విషయంలో మన తెలుగు మోసం చేస్తుంది. మనం కూడా కర్తను వదిలేస్తాం కానీ 'వచ్చాను', 'వచ్చింది' అని క్రియ చివర మనిషి దొరికిపోతాడు. చైనీస్‌లో ఆ ఆధారమూ ఉండదు. ఒక పేరా నిండా కర్త లేని వాక్యాలు వస్తే, నాలుగో వాక్యం దగ్గర పని చేసేది అమ్మా కొడుకా అన్నది సందర్భాన్ని బట్టి పట్టుకోవాలి. అక్కడ అనుమానం తీరకపోతే వెనక్కి వెళ్లి పేజీ మొత్తం మళ్లీ చదవండి.

'తా' అనే సర్వనామం మరో చిక్కు. అతను, ఆమె, అది: చెవికి మూడూ ఒకటే. ఆమెకు వేరే అక్షరం వాడుకలోకి తెచ్చింది లియు బాన్‌నోంగ్, అదీ 1920 ప్రాంతంలో. అంతకు ముందరి రచనల్లో రాతలోనూ తేడా లేదు. ఇప్పటి కథల్లో కూడా పాత్రలు మాట్లాడుకునేటప్పుడు వినేవాడికి ఆ తేడా వినబడదు. కథలో 'తా' ఎవరన్నది దాచిపెట్టడమే రచయిత ఉద్దేశమైతే, ఇంగ్లీషులో పేరుతోనో, 'ఆ వచ్చినవాళ్లు' అనే తరహా మాటతోనో నెట్టుకు రావాలి. దాని కోసం ఒక వాక్యాన్ని మొత్తం తిప్పి రాయాల్సి వస్తే తిప్పండి.

చుట్టరికాలు: మనకు తెలిసిందీ, తెలుసనుకున్నదీ

ఇక్కడ కాస్త నిదానంగా నడవాలి. తెలుగువాళ్లకు ఇది అచ్చొచ్చిన చోటు.

నాన్న అన్న 'బో', నాన్న తమ్ముడు 'షూ', అమ్మ అన్నదమ్ములు 'జ్యూ', నాన్న అక్కచెల్లెళ్లు 'గూ', అమ్మ అక్కచెల్లెళ్లు 'యీ'. పెదనాన్న, బాబాయి, మేనమామ, మేనత్త, పెద్దమ్మ పిన్నులు అని మనం వెంటనే అందుకుంటాం. ఇంగ్లీషు మాతృభాషగా ఉన్న అనువాదకుడు చార్టు పెట్టుకుని నేర్చుకునేది మనకు చిన్నప్పుడే వచ్చేసింది. బాబాయి కోప్పడితే ఒక బరువు, మేనమామ కోప్పడితే ఇంకో బరువు అని కూడా మనకు తెలుసు. ఇంగ్లీషులో ఇద్దరూ 'అంకుల్' అయిపోతారు, బరువు పోతుంది.

ఏం చేయాలి? మొదటిసారి పాత్ర వచ్చినచోట కథకుడి నోట ఒక్కసారి చెప్పించండి, అతని తండ్రికి తమ్ముడని. ఆ తర్వాత పేరు వాడండి. చైనీస్ ఇళ్లలో వరస సంఖ్యతో పిలవడం ఉంది: రెండో మామ, మూడో అత్త. 'సెకండ్ అంకుల్', 'థర్డ్ ఆంట్' అని అలాగే తీసుకొస్తే ఇంగ్లీషు పాఠకుడు రెండు పేజీల్లో అలవాటు పడతాడు. అంగట్లో కూరగాయలమ్మే ఆవిణ్ని 'ఆయీ' అని పిలిస్తే అక్కడ చుట్టరికం లేదు, మర్యాద ఉంది. మనం 'పిన్నిగారూ' అనడం లాంటిదే. భారతీయ పాఠకుల కోసం చేస్తుంటే 'ఆంటీ' హాయిగా సరిపోతుంది. లండన్ ప్రచురణకర్తకు పంపుతుంటే ఆ పాఠకుడు నిజంగానే బంధువనుకునే ప్రమాదం ఉంది. ఎవరి కోసం రాస్తున్నారో ముందే తేల్చుకోవాలని అనేది ఇందుకే.

ఇక తప్పుదారి పట్టించే చోటు. 'ఎర్రమేడ కల'లో జ్యా బావ్‌యూ మనసు లిన్ దాయ్‌యూ మీద. ఆమె అతని మేనత్త కూతురు. తెలుగు పాఠకుడికి ఏ ఫుట్‌నోటూ అక్కర్లేదు, మరదలు. ఇంట్లో పెద్దలు చివరికి కట్టబెట్టింది ష్వే బావ్‌ఛాయ్‌ని. ఆమె అతని పిన్ని కూతురు. మనకు ఇక్కడ గుండె గతుక్కుమంటుంది, వరసకు అక్క అవుతుందే అని. చైనా లెక్క వేరు. నాన్న అన్నదమ్ముల పిల్లలు 'తాంగ్', ఒకే ఇంటిపేరు వాళ్లు, వాళ్ల మధ్య పెళ్లి లేదు. మేనత్త, మేనమామ, పెద్దమ్మ, పిన్ని పిల్లలంతా 'బ్యావ్', ఆ నాటి సమాజంలో వాళ్లను చేసుకోవచ్చు. కాబట్టి నవలలో ఇద్దరమ్మాయిలూ బావ్‌యూకి సమానంగా వరసైనవాళ్లే. ఒకరిని చెల్లి అనీ, ఇంకొకరిని అక్క అనీ పిలుస్తాడు, ఆ పిలుపులో వయసు తప్ప వేరే అర్థం లేదు. తెలుగు మనసుతో ఆ పిలుపులను చదివితే బావ్‌ఛాయ్ పెళ్లి మీద రచయిత పెట్టని మచ్చ ఒకటి మనం పెట్టేస్తాం. మన భాష ఎక్కడ దగ్గరగా అనిపిస్తే అక్కడే మరోసారి సరిచూసుకోండి.

వాక్యం ఎక్కడ తెగాలి

చైనీస్ గద్యం కామాలతో పారుతుంది. తలుపు తోసి, లోపలికొచ్చి, టోపీ తీసి, ఎవరూ లేరని చూసి, మళ్లీ బయటికెళ్లిపోయాడు: మన 'వచ్చి, చూసి' వరస లాంటిదే. మనకు చదవడానికి బాగుంటుంది కాబట్టి ఇంగ్లీషులోనూ అలాగే సాగదీయాలనిపిస్తుంది. 'హావింగ్ కమ్, హావింగ్ సీన్' అని పేర్చితే పాత కోర్టు కాగితంలా తయారవుతుంది. చూపు మారినచోట తెంచండి. పై వాక్యంలో గదిలోకి రావడం ఒక వాక్యం, ఎవరూ లేకపోవడం ఒక వాక్యం, వెళ్లిపోవడం ఇంకొకటి. అయితే రచయిత కావాలనే ఊపిరి తిప్పుకోనివ్వకుండా రాస్తే తెంచకూడదు. పొడవు అలవాటా, ఉద్దేశమా అన్నది పుస్తకంలో మిగతా పేజీలు చూస్తే తెలుస్తుంది.

పాత నవలల్లో ప్రతి మాట ముందూ 'ష్యావ్ దావ్' అని ఉంటుంది, నవ్వి అన్నాడని. ప్రతిసారీ తెస్తే అందరూ కారణం లేకుండా నవ్వుతున్నట్టు ఉంటుంది. నిజంగా నవ్వినచోట ఉంచి మిగతాచోట్ల 'అన్నాడు' చాలు.

నాలుగక్షరాల నానుడులు

ఛెంగ్‌యూ అంటే నాలుగు అక్షరాల్లో ఒక కథ. 'హ్వా షే తియెన్ జూ', పామును గీసి కాళ్లు తగిలించడం. పాతకాలపు చైనాలోని చూ రాజ్యంలో కొందరు ఒక కూజా మద్యం కోసం పందెం వేసుకున్నారు, నేల మీద పామును ముందు గీసినవాడిదే మద్యమని. ముందు గీసినవాడు తీరిక చిక్కిందని కాళ్లు కూడా గీయబోయాడు. ఈలోగా ఇంకొకడు గీయడం ముగించి, పాముకు కాళ్లుంటాయా అని మద్యం లాక్కుని తాగేశాడు.

ఇలాంటివి వచ్చినప్పుడు నేను అడిగే ప్రశ్న ఒక్కటే: ఈ పాత్ర ఇప్పుడు ఆ పామును చూస్తోందా? రోజువారీ మాటల్లో అలవాటుగా పడిపోయిందైతే పాము ఎవరికీ కనబడదు. అక్కర్లేని పని చేశాడని మామూలు ఇంగ్లీషులో చెప్పి ముందుకు సాగండి. రచయిత ఆ బొమ్మతో ఆడుకుంటుంటే, తర్వాతి వాక్యంలో కాళ్ల ప్రస్తావన వస్తే, పామును ఉంచి తీరాలి. ఉంచేటప్పుడు కథ మొత్తం వివరించొద్దు, పాము కాళ్లు అనగానే ఏ భాషవాడికైనా సగం అర్థమవుతుంది. ఇంగ్లీషులో ఇప్పటికే ఉన్న సామెతను, 'గిల్డింగ్ ద లిలీ' (లిల్లీపువ్వుకు బంగారు పూత పూయడం) లాంటిదాన్ని, తెచ్చి ఆ చోట అతికించడం మాత్రం నాకు నచ్చదు. చూ రాజ్యపు పాము పోయి ఇంగ్లండు తోటలోని లిల్లీపువ్వు వస్తే పాఠకుడు చైనా దాటి వెళ్లిపోయాడన్నమాట.

'ఎర్రమేడ కల'లో ఒక పల్లెటూరి ముసలమ్మ, ప్రయత్నం మనిషిది, ఫలితం పైవాడిదనే అర్థంలో ఒక సామెత చెబుతుంది. మూలంలో ఉన్నది 'తియెన్', ఆకాశం. ఈ నవలనూ అనువదించిన యాంగ్ దంపతులు 'హెవెన్' అన్నారు. హాక్స్ ఇంగ్లీషు సామెతలో అలవాటైన 'గాడ్' వాడాడు. హాక్స్ వాక్యం ఇంగ్లీషు చెవికి హాయిగా పడుతుంది, కానీ బుద్ధుణ్ని తలుచుకునే ముసలమ్మ నోట క్రైస్తవుల దేవుడు వచ్చాడు. నా ఓటు యాంగ్ దంపతులకే.

గ్రాంథికం, వాడుక

లూ షున్ 'పిచ్చివాడి డైరీ' 1918లో 'కొత్త యువత' పత్రికలో వచ్చింది. వాడుక భాషలో వచ్చిన తొలి ఆధునిక చైనా కథగా దానికి పేరు. కానీ కథ ముందు ఒక చిన్న ముందుమాట ఉంది, అది శుద్ధ గ్రాంథికం. అందులో ఒక పెద్దమనిషి, ఈ డైరీ రాసినవాడికి జబ్బు నయమైంది, ఏదో ప్రభుత్వోద్యోగం కోసం వెళ్లాడు అని చల్లగా చెబుతాడు. తర్వాత పిచ్చివాడి గొంతు మొదలవుతుంది, పచ్చి వాడుక భాషలో, మనుషులు మనుషుల్ని తింటున్నారని.

మెలిక అంతా ఆ రెండు భాషల మధ్య ఉంది. నయమైనవాడి లోకం మాట్లాడేది చచ్చిపోయిన భాష, నిజం చెప్పే పిచ్చివాడిది బతికున్న భాష. అదే దశకంలో గిడుగు రామమూర్తి వ్యావహారికం కోసం పోరాడుతున్న నేల నుంచి వచ్చినవాళ్లం, ఇది మనకు ఎవరూ విడమర్చి చెప్పక్కర్లేదు. ముందుమాటనూ డైరీనీ ఒకే ఇంగ్లీషులో పెడితే కథ నడ్డి విరిగినట్టే. లయల్ ముందుమాటకు బిగుతైన, మర్యాద ఎక్కువైన ఇంగ్లీషు వాడాడు. చదువుతుంటే కాలరు గుండీ బిగించినట్టు ఉంటుంది, అది సరైన పని. మీరు చేసేటప్పుడు షేక్‌స్పియర్ కాలం దాకా వెళ్లక్కర్లేదు. పొడుగు లాటిన్ మాటలు, కర్మణి వాక్యాలు, పాత ఆఫీసు ఉత్తరాల ధోరణి చాలు. డైరీలో పొట్టి మాటలు, పొట్టి వాక్యాలు.

యాస విషయంలో ఒక జాగ్రత్త. షాన్‌షీ రైతును టెక్సాస్ కౌబాయ్‌లా మాట్లాడించకండి. ప్రాంతాన్ని తేలేం, ఒప్పుకుందాం. మనిషి తీరును తేగలం: సూటిదనం, నసుగుడు, ఒకే మాట మళ్లీ మళ్లీ అనడం. తిట్లకూ ఇదే సూత్రం. 'తా మా ద' అంటే అక్షరాలా 'వాడి అమ్మది'. దాన్ని చైనా జాతీయ తిట్టు అంటూ లూ షున్ 1925లో ఒక వ్యాసమే రాశాడు. తండ్రీకొడుకులు భోంచేస్తూ మెచ్చుకోలుగా కూడా వాడతారని అందులో చెబుతాడు. కాబట్టి నిఘంటువు అర్థాన్ని కాక, ఆ గదిలో ఆ మాట ఎంత గట్టిగా తగిలిందో కొలిచి రాయండి.

ఏది అనువదించకుండా వదలాలి

ఈ ప్రశ్నకు చాలా పాత జవాబు ఒకటి ఉంది, దానికి మన నేలతో సంబంధం కూడా ఉంది. ఏడో శతాబ్దంలో మన ధాన్యకటకం దాకా వచ్చి బౌద్ధగ్రంథాలు చదువుకున్న హ్యూయాన్‌త్సాంగ్, 645లో ఛాంగ్‌ఆన్ తిరిగి వెళ్లి సంస్కృతం నుంచి చైనీస్‌లోకి అనువాదాలు చేశాడు. ఐదు రకాల మాటలను అనువదించకూడదు, శబ్దాన్ని అలాగే ఉంచాలి అనే సూత్రం ఆయన పేరు మీద నిలిచింది. మంత్రాల్లాంటి రహస్యమైనవి. 'భగవత్' లాంటి అనేకార్థాలవి. చైనాలో లేని వస్తువులు, ఉదాహరణకు జంబూవృక్షం, మన నేరేడు. ముందరి అనువాదకులు శబ్దంగానే ఉంచి స్థిరపడినవి. చివరగా 'ప్రజ్ఞ' లాంటివి, తర్జుమా చేస్తే గౌరవం పలచబడేవి.

ఇవాళ చైనీస్ నుంచి ఇంగ్లీషుకు వెళుతున్నప్పుడు కూడా ఈ ఐదు ప్రశ్నలు పనికొస్తాయి. 'కాంగ్' తీసుకోండి. ఉత్తర చైనా ఇళ్లలో ఇటుకలతో కట్టిన అరుగు లాంటి పడక, కింద పొయ్యి వేడి పారుతుంది. ఇంటిల్లిపాదీ దాని మీదే తింటారు, పడుకుంటారు. 'బెడ్' అంటే అబద్ధం. 'కాంగ్' అనే ఉంచి, మొదటిసారి వచ్చినచోట ఆమె కాంగ్ మీదకు ఎక్కింది, వంట వేడికి ఇటుకలు ఇంకా వెచ్చగానే ఉన్నాయి, అని వాక్యంలో కలిపేయండి. వివరణ కథలో భాగమైపోతుంది. ఫుట్‌నోటు చరిత్ర సంగతులకు దాచుకోండి, ఒక ఉద్యమమో ఒక నినాదమో తెలియకపోతే సన్నివేశమే అర్థం కానప్పుడు.

రంగులు కూడా ఇక్కడే చూసుకోవాలి. 'హోంగ్' అంటే ఎరుపు, చైనాలో శుభం, యవ్వనం, వైభవం. ఇంగ్లీషు పాఠకుడికి ఎరుపు ఆ సంగతులు చెప్పదని హాక్స్ బావ్‌యూ ఉండే యీహోంగ్ భవనాన్ని ఆకుపచ్చ చేసేశాడు. యాంగ్ దంపతులు ఎరుపునే ఉంచారు. హాక్స్ వాదన నాకు అర్థమవుతుంది, కానీ పుస్తకం నిండా పారే రంగును మార్చే హక్కు అనువాదకుడికి లేదని నా అభిప్రాయం. కుంకుమ తెలిసిన మన పాఠకుల కోసమైతే ఆ అవసరమే రాదు.

పేర్లకు పిన్యిన్, అంటే చైనీస్‌ను ఇంగ్లీషు అక్షరాల్లో రాసే పద్ధతి, వాడండి, ఇంటిపేరు ముందు ఉంచండి. పాత్రలు ఎక్కువైతే పుస్తకం మొదట్లో పాత్రల జాబితా ఇవ్వండి. హాక్స్ యజమానుల పేర్లు పిన్యిన్‌లో, దాసీల పేర్లు అర్థంతో, సన్యాసినుల పేర్లు లాటిన్‌లో, నటీమణుల పేర్లు ఫ్రెంచిలో పెట్టాడు. వందల పాత్రలున్న నవలలో ఎవరు ఏ అంతస్తు మనిషో పేరు చూడగానే తెలియడం అద్భుతమైన ఉపాయం. పది పేజీల కథలో అంత అవసరం లేదు.

రచయిత బతికుంటే అడగండి

లియు ట్సషిన్ సైన్స్ ఫిక్షన్ నవల 'మూడు సూర్యులు' (ఇంగ్లీషులో 'ద త్రీ-బాడీ ప్రాబ్లమ్') 2006లో పత్రికలో ధారావాహికగా వచ్చి, 2008లో పుస్తకమైంది. పుస్తకంలో సాంస్కృతిక విప్లవపు దృశ్యాలు మధ్యలోకి వెళ్లాయి. ఇంగ్లీషులోకి తెచ్చిన కెన్ లియు, వాటిని మొదట్లో పెడితే బాగుంటుందని రచయితను అడిగాడు. తన అసలు ఉద్దేశం అదేనని రచయిత చెప్పాడు. 2014లో ఇంగ్లీషు పుస్తకం అలాగే వచ్చింది, 2015లో హ్యూగో అవార్డు గెలుచుకుంది. అడగకుండా మార్చి ఉంటే అది దొంగతనం అయ్యేది. పేరాలు కదపాలన్నా, ఒక పేజీ తీసేయాలన్నా ముందు అడగండి. అడిగేటప్పుడు కారణం రాయండి.

చిత్తుప్రతి, ఆ తర్వాత

మెషీన్ అనువాదాన్ని మొదటి ప్రతిగా పెట్టుకోవద్దు. అది ఖాళీలన్నిటినీ మీకు చెప్పకుండా నింపేస్తుంది. 'తా' ఉన్నచోట 'హీ' అనేస్తుంది, కొండను కొండలు చేసేస్తుంది, వాక్యం నున్నగా కనిపిస్తుంది కాబట్టి మీరు ఆగరు. మీ ప్రతి పూర్తయ్యాక, ఏదైనా వాక్యం జారిపోయిందేమో చూసుకోవడానికి వాడితే తప్పు లేదు.

మొదటి ప్రతి మూలానికి అంటిపెట్టుకుని ఉండనివ్వండి, వికారంగా ఉన్నా సరే. కొన్ని రోజులు పక్కన పెట్టండి. రెండో ప్రతి మూలం మూసేసి, ఇంగ్లీషు మాత్రమే చూస్తూ, గట్టిగా చదువుతూ దిద్దండి. నాలుక తట్టుకున్నచోట గుర్తు పెట్టండి. మూడోసారి మళ్లీ మూలం తెరిచి వాక్యం వాక్యం సరిపోల్చండి, ఎందుకంటే రెండో ప్రతిలో అందం కోసం మీరు ఏదో ఒకటి జారవిడిచి ఉంటారు. తర్వాత ఇద్దరికి చూపించండి: చైనీస్ ఒక్క ముక్క రానివాళ్లకు ఒకరికి, చైనీస్ మాతృభాషగా ఉన్నవాళ్లకు ఒకరికి. మొదటివాళ్లను ఎక్కడ విసుగొచ్చిందో మాత్రమే అడగండి. రెండోవాళ్లను పాత్రల గొంతు సరిగా వినబడుతోందా అని అడగండి.

ప్రచురించాలనుకుంటే హక్కుల సంగతి ముందే తేల్చుకోండి. చైనా చట్టంలో రచయిత చనిపోయాక 50 ఏళ్లు, మన దేశంలో 60 ఏళ్లు. మీ పుస్తకం వచ్చే దేశపు చట్టాన్ని విడిగా చూడాలి. బతికున్న రచయిత అయితే ప్రచురణ సంస్థకో ఏజెంటుకో రాసి, ఇంగ్లీషు హక్కులు ఎవరి దగ్గరున్నాయో కనుక్కోండి. పుస్తకమంతా చేసి కూర్చున్నాక హక్కులు ఇంకొకరికి అమ్మేశారని తెలిస్తే ఆ శ్రమ పెట్టెలోనే ఉండిపోతుంది.

ఇంగ్లీషు ప్రచురణకర్తల్లో చైనీస్ చదవగలిగినవాళ్లు అరుదు, వాళ్లకు ఆ పుస్తకం గురించి తెలిసేది మీరు పంపిందే. రెండు పేజీల కథాసారం, ముగింపు దాచకుండా. రచయిత ఎవరో, ఆ పుస్తకం చైనాలో ఎలా నిలిచిందో ఒక పేజీ. బాగా చెక్కిన ఇరవై పేజీల నమూనా, వీలైతే మొదటి అధ్యాయమే. కథలైతే హాంకాంగ్ చైనీస్ యూనివర్సిటీ నుంచి 1973లో మొదలైన 'రెండిషన్స్' పత్రిక పాత సంచికలు చదివి, ఇంగ్లీషులో ఎలాంటి పని నిలబడిందో గమనించండి. 2007 నుంచి నడుస్తున్న పేపర్ రిపబ్లిక్ వెబ్‌సైట్‌లో ఏ రచయితకు ఏ అనువాదకుడు ఉన్నాడో వెతుక్కోవచ్చు. మీరు అనుకున్న రచయిత పేరు కింద ఇంకా ఎవరూ లేకపోతే ఆ ఉత్తరం ఈ వారమే రాయండి.